నాయనమ్మ వేసిన అడ్డు

మా తమ్ముడు హైదరాబాద్ హాస్టల్ నుంచి తెచ్చుకున్నవి రెండే. ఒకటి డిగ్రీ సర్టిఫికెట్, రెండోది ఆటకార్డుల డబ్బా. సర్టిఫికెట్ ఏ మూల పడిందో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. డబ్బా మాత్రం వికారాబాద్‌లో మేం అద్దెకుండే ఇంట్లో దేవుడి పటాల పక్కన దర్జాగా ఉంటుంది.

నేను తాండూరులో ఒక స్కూల్లో సైన్సు చెబుతాను. తమ్ముడు అక్కడికి దగ్గర్లోనే ఒక నాపరాయి గనిలో సూపర్‌వైజరు. ఇద్దరం పొద్దుటి రైలుకే వెళ్తాం. బొంరాస్‌పేట వైపు ఊళ్ళో గొర్రెల వెంట తిరిగి తిరిగి మోకాళ్ళు అరగదీసుకున్న నాయనమ్మను మా దగ్గరే ఉంచుకున్నాం. ఆమెకు నీళ్ళు పోసేదాన్ని నేను, తల దువ్వేదాన్ని నేను, కాళ్ళు పట్టేదాన్ని నేను. ఆమె ముద్దు మాత్రం తమ్ముడి మీద. "బిడ్డా, తమ్మునికి ఇంకింత కూర ఎయ్యి" అనేది. నా కంచం ఏనాడూ ఆమె కంటికి ఆనలేదని నాకు ఉక్రోషంగా ఉండేది.

సాయంత్రాలు వంటింటి ముందు బండల మీద కూర్చుని నేనూ తమ్ముడూ ఆడేవాళ్ళం. ఆట సులువే. ఒకరు కార్డు దించి అది ఏం చేస్తుందో చెబుతారు: పిడుగు పడుతుందనో, పులి మీద పడుతుందనో. అది జరిగేలోపు ఎదుటివాళ్ళు అడ్డు కార్డు వేయవచ్చు. వేస్తే ఆ ఎత్తు చెల్లదు, రెండు కార్డులూ పక్కనున్న కుప్పలోకి పోతాయి. అడ్డు మీద ఇంకో అడ్డు కూడా వేయవచ్చు. అప్పుడు చివర వేసిందే ముందు పనిచేస్తుంది, దాని కింది అడ్డు ఉత్తదైపోతుంది. కానీ ఒకసారి "సరే, కానియ్యి" అన్నాక, జరిగినదాన్ని వెనక్కి తిప్పే కార్డు డబ్బా మొత్తంలో లేదు. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. అడ్డు వేసేవాళ్ళు కార్డు మీద అరచెయ్యి బోర్లా ఆనించి "అడ్డు" అని పైకి అనాలి. లేకపోతే తమ్ముడు తొండి చేస్తాడు.

ఆ చెయ్యి ఆనించడం చూసి నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"గొర్లకాడ మేము గిట్లనే చేస్తుంటిమి" అంది. మంద కదిలే వేళ ఎవరైనా తుమ్మితే, ఆమె ఉన్నచోటనే కూలబడి అరచెయ్యి నేలకి ఆనించి, ఇన్ని నీళ్ళు తాగి లేచేదట. "నేల పట్టుకుంటే, వచ్చేది జర ఆగుతది."

సైన్సు టీచర్ని కదా, నేను నవ్వాను.

ఆ వానాకాలమే ఒక సాయంత్రం నా ఎత్తుని ఆపడానికి తమ్ముడి దగ్గర శక్తి మిగల్లేదు. ఆటలో ఒక్కొక్కరికి కొన్ని శక్తి పాయింట్లుంటాయి, మామూలు అడ్డుకి అవి ఖర్చవుతాయి. ఏమీ మిగలనప్పుడు వేసే అడ్డు ఒకటి వేరే ఉంది. వాడు దాన్ని వేసి, చేతిలో ఉన్న మంచి పులి కార్డుని తీసి డబ్బాలో పడేశాడు. నాయనమ్మ ముందుకు వంగింది.

"గదేంది, మంచిదాన్ని పారేస్తివి?"

"శక్తి లేకుంట ఆపాల్నంటే చేతిలకెల్లి ఇంకోటి ఇయ్యాలె నాయనమ్మా. అది కుప్పల గూడ ఉండదు. ఇగ గీ ఆటల అది లేనట్టే."

"ఏదిచ్చినా నడుస్తదా?"

"నడ్వదు. ఆపేది ఎంత పెద్దదైతే ఇచ్చేది గంత పెద్దది ఉండాలె."

"ఏదియ్యాల్నో ఎవలు చెప్తరు?"

"మనమే."

"మనమే" అని ఆమె తల ఊపింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు ఎంతకీ నా మీంచి మళ్ళలేదు. పొయ్యి మీద పప్పు మాడుతుందేమోనన్న వంకతో లేచి వెళ్ళాను.

కొన్నాళ్ళకు వాన పట్టుకుంది. గనిలో కూలీలకు పని ఆపేశారు. గుంతలో నీళ్ళు ఎంత నిలిచాయో దిగి చూసి, పంపు పెట్టించాల్సింది తమ్ముడొక్కడే. పొద్దున్నే వాడు గడప దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. గోడకి ఆనుకుని కూర్చున్న నాయనమ్మ ఉన్నట్టుండి అరచెయ్యి బండకి ఆనించింది.

"అడ్డు" అంది.

తమ్ముడు నవ్వాడు. "కార్డేది నాయనమ్మా? చేతిల ఏం లేదు గద."

"ఉంది" అంది.

చెయ్యి ఎత్తలేదు. వాడు లేవబోతే ఇంకా గట్టిగా ఆనించింది. చర్మం కింద ఎముకలు తెల్లగా తేలాయి. వాడు బూట్లు విప్పి, కూర్చుని నీళ్ళు తాగాడు. రైలు వెళ్ళిపోయిన కూత విన్నాక గానీ ఆ చెయ్యి పైకి లేవలేదు. నా రైలూ పోయింది. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. గని అంచు బండలు బండలుగా విరిగి గుంతలో పడిందట. సరిగ్గా వాడు దిగే మెట్ల వైపే. లోపల ఎవరూ లేరు.

తమ్ముడు ఫోన్ పక్కన పెట్టి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను గ్లాసుతో చాయ్ తెచ్చి ఆమెకు అందించాను. ఆమె రెండు చేతులతో అందుకుని, కొత్తవాళ్ళ ముందు సర్దుకున్నట్టు కొంగు సర్దుకుంది.

"ఎవలమ్మ మీరు?" అంది.

వేళాకోళం అనుకున్నాను. కాదు. తమ్ముడు తెలుసు. మా అమ్మానాన్నలు తెలుసు. ఎప్పుడో తోడేలు ఎత్తుకుపోయిన గొర్రెపిల్ల మచ్చలు కూడా తెలుసు. నేనొక్కదాన్నే లేను. నా చిన్నప్పటి ముచ్చట్లు చెబితే ఆసక్తిగా విని, "మంచి పిల్లనే, ఎవల పిల్ల?" అని అడిగేది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, వయసు మేడం, మతిమరుపు కొందరికి ఇలా ముక్కలు ముక్కలుగా వస్తుంది అన్నాడు. ఆ ఒక్క ముక్కే ఎందుకు, ఆ రోజే ఎందుకు అంటే మందుల చీటీ రాసి ఇచ్చాడు.

నేను ఏడ్చాను. వదిలించుకోవడానికి ఆమెకి దొరికినదాన్ని నేనేనా అని తమ్ముడి మీద అరిచాను.

"చిన్న కార్డు చెల్లదక్కా" అన్నాడు వాడు, నా మొహం చూడకుండా. "చేతిల ఉన్న పెద్దదే పోవాలె."

ఓదార్పుకి అన్నాడులే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను ఎందుకంతసేపు చూసిందో అప్పుడు తట్టింది: ఆమె చేతిలో ఉన్న పెద్ద కార్డు నేనే.

ఆ తర్వాత నేను ఆ ఇంట్లో పని చేసిపెట్టే టీచరమ్మనయ్యాను. నీళ్ళు పోస్తే దండం పెట్టేది. అలవాటు చేసుకున్నాను.

మొన్న చలికాలంలో ఒక పొద్దున స్కూలుకి బయల్దేరాను. తమ్ముడికి ఆరోజు సెలవు, లోపల స్నానం చేస్తున్నాడు. ఒక చెప్పు తొడుక్కుని రెండో చెప్పు కోసం వంగితే, నాయనమ్మ నన్నే చూస్తోంది. టీచరమ్మని చూసే చూపు కాదు. తర్వాత ఆమె తల స్నానాల గది వైపు తిరిగింది, మళ్ళీ నా వైపు తిరిగింది. చెయ్యి మెల్లగా ఒళ్ళోంచి దిగి బండ మీదికి వెళ్తోంది.

ఆమె చేతిలో ఇక మిగిలిన పెద్ద కార్డు ఎవరో నాకు తెలుసు.

సైన్సూ లేదు, గీన్సూ లేదు. కూలబడి, ఆ చెయ్యి నేలకి తగలకముందే నా చేతిలోకి తీసుకుని, దాన్ని అలాగే పట్టుకుని రెండో అరచెయ్యి బండకి ఆనించాను.

"అడ్డు" అన్నాను.

బండ చల్లగా ఉంది. ఆమె వేళ్ళు నా చేతిలో కాసేపు పెనుగులాడి ఊరుకున్నాయి. నేను నీళ్ళు తాగలేదు, లేచి వెళ్ళిపోయాను. నా అడ్డుతో ఆమె అడ్డు ఉత్తదైంది; ఆమె ఆపాలనుకున్నది ఏదో గానీ, దాన్ని రమ్మన్నదాన్ని నేనే. రైల్లో తలుపు దగ్గర నిలబడలేదు. పట్టాలు దాటేముందు రెండు వైపులా రెండేసిసార్లు చూశాను. స్కూలు మెట్లు గోడ పట్టుకుని ఎక్కాను. రోజంతా నా ప్రాణం కన్నా ఇంట్లో ఏమవుతోందోనన్న ఫికరే ఎక్కువగా ఉంది. ఫోన్ చేసి అడిగే ధైర్యం రాలేదు.

సాయంత్రం గేటు తీస్తుంటే లోపలి నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. తమ్ముడిని పేరు పెట్టి పిలిచి, చాయ్ చల్లార్చుకుంటున్నాడని తిడుతోంది. గడపలో నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఎవలమ్మ మీరు?"

నాకు ప్రాణం లేచొచ్చింది.

"టీచర్ని" అన్నాను చెప్పులు విప్పుతూ. "జర నీళ్ళిస్తవా నాయనమ్మా?"