రాణిగారికి మిగిలిన ఒక్క మాట

నేపర్‌విల్‌లో మా తెలుగు సంఘం ఉగాదికి అక్క ఒక నాటకం రాసింది. మధ్యయుగాల నాటి ఒక రాణి కథ. రెండు రాజ్యాలకు సంధి కుదరాలని ఆమెను చిన్నప్పుడే పక్క రాజుకిచ్చి చేస్తారు. ఆ రోజుల్లో సంధికి తాళపత్రం కంటే కూతురు చవక. కొన్నేళ్ళకు ఆ మొగుడే ఆమె తండ్రి మీదికి యుద్ధానికి బయలుదేరతాడు.

రాణి వేషం అక్కదే. వెనకాల నిలబడి వింజామర వీచే భటుణ్ణి నేను. ఆఫీసులోనూ దాదాపు అదే పని కాబట్టి రిహార్సల్ అక్కర్లేకపోయింది. రాజు మాత్రం స్పాన్సర్ అంకుల్. ఇళ్ళు అమ్మిపెడతారు. డబ్బున్నవాడు రాజవడం చరిత్రకు కొత్తేమీ కాదు.

రిహార్సల్ రిహార్సల్‌కీ రాజు డైలాగులు పెరిగాయి, రాణివి తరిగాయి.

"ఈవిడ ఇంతసేపు మాట్లాడితే నేను యుద్ధం ఎప్పుడు స్టార్ట్ చేయాలమ్మా?"

"యుద్ధం వాళ్ళ నాన్నతోనే కదంకుల్, ఒక్క మాటైనా అనదా?" అన్నాను.

"అంటుందిలే. లాస్ట్‌లో పెడదాం, ఇంపాక్ట్ ఉంటుంది."

అలా ఒక రాణి బతుకంతా కుదించుకుపోయి ఒక్క వాక్యమైంది: "ఎవరు గెలిచినా ఓడేది నేనే." అక్క దాన్ని గిన్నెలు సర్దుతూ, కారు నడుపుతూ రకరకాలుగా అనుకునేది.

"ఒరేయ్, ఏడుస్తూ చెప్పనా, మామూలుగా చెప్పనా?"

"మామూలుగా చెప్పవే. ఏడిస్తే అంకుల్ యాక్టింగ్ తట్టుకోలేకనుకుంటారు."

ఉగాది రోజు పిల్లల డాన్సులు సాగి సాగి మా వంతు ఆలస్యంగా వచ్చింది. రాజు తన పరాక్రమం చెప్పారు, వంశం చెప్పారు, స్క్రిప్టులో లేని కోటలో గాలీ వెలుతురూ ఎలా వస్తాయో కూడా చెప్పారు. టైమైపోయిందని హాలతను పక్కనుంచి చేతులూపుతున్నాడు. "అంకుల్, అక్క లైన్!" అని గొణిగాను. అంకుల్ కత్తి దూసి "విజయమో, వీరస్వర్గమో!" అని గర్జించారు. చప్పట్లు మోగాయి. నాటకం అయిపోయిందనుకుని ఎవరో తెర లాగేశారు. అక్క అప్పటికే లేచి నిలబడి నోరు తెరిచింది.

తెర అవతల మైకులో భోజనాలు రెడీ అన్నారు. కుర్చీలు కదిలాయి.

అక్క ఆ తెరవైపే చూస్తూ చెప్పింది, మామూలుగానే. "ఎవరు గెలిచినా ఓడేది నేనే."

"అయ్యో, అది మిగిలిపోయిందా?" అన్నారు అంకుల్, కిరీటం తీసి చెమట తుడుచుకుంటూ. "నెక్స్ట్ ఇయర్ పెట్టేద్దామమ్మా."

అక్క కూర్చుండిపోయింది. నేనేదో జోకు వెతికాను. దొరకలేదు. చేతిలో వింజామర ఉంది కాబట్టి వీచాను.