రిజిస్టర్లో ఇరవై వరుసలు

కూలర్లో నీళ్లు పోయగానే తడి గడ్డి వాసన లేచింది. ఆ వాసనకు నాకు బాషా గుర్తొస్తాడు, వెనకే చిరాకూ వస్తుంది. రెండువేల ఆరు ప్రాంతాల్లో, కడప దగ్గర, ఇలాంటి గడ్డి కూలరే ఉన్న ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబుకు ఆయన ఇన్‌ఛార్జి. నేను అక్కడ రిజిస్టర్లు రాసేవాణ్ణి. బాషా నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. అయినా నన్ను దిద్దింది ఆయనే.

ఇరవై మిషన్లలో ఏ కెర్నెల్ ఉందో రాయమన్నాడు. కెర్నెల్ అంటే మిషన్‌ను లోపలినుంచి నడిపించే ప్రోగ్రాము. పేరు మాత్రం గూడ్సుబండిలా సాగుతుంది: కెర్నెల్, గీత, 2.6.9, మళ్లీ గీత, 5, ఆపైన ఇంకేవో అక్షరాలు. కొన్నింటికి నడుమ ఎస్‌ఎంపీ అని మరో పెట్టె. చిన్నప్పటినుంచీ డైరీ రాస్తున్న నాకే చేయి నొప్పి పుట్టింది. మొదటిది పూర్తిగా రాసి, మిగతావాటిలో 2.6.9 కనబడగానే ‘పైదే’ అని పెట్టేశాను.

ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు సాయంత్రం కొత్త నెట్‌వర్క్ కార్డులొచ్చాయి. బాషా నా మొదటి వరుస చూసి, దానికి సరిపడే డ్రైవర్, అంటే ఆ కార్డును నడిపే ప్రోగ్రాము, తయారుచేసి, పొద్దున్నే అన్నింటిలో వేశాడు. ఎనిమిది మిషన్లు సర్వర్‌కు కలవలేదు. ప్రశ్నలేమో సర్వర్లో, పిల్లలేమో వరండాలో.

బాషా రిజిస్టర్ తెరిచాడు. “ఏం సామీ, పైదే, పైదే... యాడిది పైది? ఈ ఎనిమిదీ ఎస్‌ఎంపీ, రెండు ప్రాసెసర్లవి!”

“2.6.9 అన్నింట్లో ఒకటే కదా బాషా?”

“అది కెర్నెల్ రాసినోళ్లు ఇచ్చిన నంబరు. గీత తర్వాత అంకె, దాన్ని మనకు ప్యాకేజీ కట్టినోళ్లు ఎన్నోసారి కట్టినారో చెప్తాది. పేరులో ఒక్క ముక్క మారినా డ్రైవర్ ఎక్కదు. ఉత్త ఇంటిపేరు రాసి పెండ్లికార్డు పంపితే ఎవరొస్తారప్పా?”

“ఇంత పొడుగు పేరు పెట్టినవాణ్ణి అడుగు!” అన్నాను ఒళ్లు మండి.

ఇంతలో ఎగ్జామినర్ వచ్చి గడియారం చూపించాడు. ఇంకో గంటలో మిషన్లు లేవకపోతే పరీక్ష రద్దన్నాడు. తప్పెవరిదని అడిగాడు.

“నాదే సార్. మిషన్‌ను అడక్కుండా కాగితాన్ని నమ్మినా,” అన్నాడు బాషా.

ఆ ఎనిమిదింటికీ డ్రైవర్ మళ్లీ తయారుచేశాడు. గంటలోపే పిల్లలు లోపలికొచ్చారు. తర్వాత కొత్త రిజిస్టర్ నా ముందుకు తోశాడు. ఈసారి ప్రతి మిషన్ ముందూ కూర్చుని, తెర చూసి ఇరవై పేర్లూ పూర్తిగా రాశాను, ప్రతి గీతకూ తిట్టుకుంటూ.

నిన్న మా ఆవిడ మందుల చీటీ చూసి షాపతను విసుక్కున్నాడు: “పోయిన్నెలవే కదా పెద్దాయనా, మళ్లీ ఇంత రాసుకొచ్చినావు?”

ఇంట్లో డబ్బాలు ఒక్కొక్కటే తీసి చూసి రాసుకొచ్చాను. ప్రతి మాత్ర పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో, అన్నీ.

“చదవప్పా,” అన్నాను.