అమ్మ కీ ఇచ్చిన రైలు

మా ఇంట్లో హాలు గోడకి ఒక అద్దాల బీరువా ఉంది. అందులో చీరలు లేవు, వెండి సామాను లేదు. బొమ్మ రైళ్ళున్నాయి. రేకుతో చేసి రంగులద్దినవి, కీ ఇస్తే నడిచేవి, వయసులో నాకంటే పెద్దవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పాత బంగళాలు ఖాళీ చేసినప్పుడు అటకల మీంచి దిగినవి కొన్ని, కబాడీ కొట్లలో ఇనుప తుక్కు మధ్య దొరికినవి కొన్ని, కలకత్తా నుంచి పార్సిల్లో వచ్చినవి కొన్ని. స్కూల్లో లెక్కలు చెప్పే ఆడమనిషికి ఇదేం పిచ్చి అని తోటి టీచర్లు నవ్వుతారు. ఆ నవ్వు నాకు అలవాటైపోయింది. అమ్మ విసుగే అలవాటు కాలేదు.

అమ్మకి రైలంటే పడదు. నాన్న గూడ్సు బండి డ్రైవరు. కంచం ముందు కూర్చున్నాక డ్యూటీకి పిలుపొస్తే లేచి వెళ్ళిపోయేవారు. నేను పుట్టినప్పుడు ఆయన పక్క స్టేషను గతౌరాలో, బొగ్గు బండి ఇంజన్లో, సిగ్నల్ కోసం చూస్తూ కూర్చున్నారు. నేను కొత్త బొమ్మ తెచ్చినప్పుడల్లా ఆ గతౌరా కథ మళ్ళీ వినాల్సి వచ్చేది.

"నిజం రైలుతోటే ఏగలేక సచ్చేను. మళ్ళీ ఇయ్యేటే ఇంటి నిండా?" అనేది చివర్లో.

నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. పోయిన వేసవిలో అమ్మకి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. వ్యాయామాలు చేయించడానికి ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి రోజూ వచ్చేది. రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేది, సీసా మూత ఇచ్చి తిప్పమనేది. "అమ్మాజీ, బస్ థోడా సా" అని, కొంచెం చేస్తే చాలని ఎంత బతిమాలినా అమ్మ మొహం తిప్పేసుకునేది.

"పిసికితే... ఏటొస్తాది?" అంది ఒకసారి నాతో.

వంటలు, ఉతుకులు, ఊరగాయలు, ఏ పని పట్టుకున్నా చివరికి ఏదో ఒకటి చేతికొచ్చేది ఆవిడకి. బంతి పిసికితే బంతే మిగులుతుంది.

ఒక ఆదివారం బీరువా దుమ్ము దులుపుతూ రైళ్ళన్నీ భోజనాల బల్ల మీద పేర్చాను. అమ్మ పక్కనే కుర్చీలో ఉంది. వాటిలో ఒక ఆకుపచ్చ ఇంజను, దాని వెనక రెండు పెట్టెలు, గుండ్రంగా అమర్చే పట్టాలు ఉన్నాయి. ఇంగ్లండులో చేసినది, నా దగ్గరున్న వాటన్నిటిలోకీ అరుదైనది. దాని కీ పెద్దది, సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది. అమ్మ ఎడమ చేత్తో ఆ కీ తీసి, కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకుంది. అది జారి పడింది. మళ్ళీ తీసి పెట్టుకుంది.

"ఇది... తిరుగుతాదా?"

ఆ ఇంజనుకి నేను ఎన్నడూ కీ ఇవ్వలేదు. పాత స్ప్రింగు ముసలివాళ్ళ నడుం లాంటిది, ఎప్పుడు పట్టేస్తుందో చెప్పలేం, చూసుకోవడమే తప్ప నడపకూడదని కలకత్తాలో ఉండే ఒక పెద్ద సేకర్త ఫోన్లో చాలాసార్లు హెచ్చరించాడు. చిన్న కీ ఉన్న వేరే ఇంజను అమ్మ ముందు పెట్టాను. దాని కీ ఆవిడ వేళ్ళకి దొరకలేదు. ఆవిడ చూపు పచ్చదాని మీదే ఉంది. ఇంజను దగ్గరికి జరిపి, కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాను.

"తిరుగుతాదమ్మా. నువ్వే తిప్పు."

మణికట్టు వణికింది. మొహమంతా చెమట పట్టింది. చాలాసేపటికి లోపల టక్‌మని ఒక చిన్న చప్పుడైంది. మరోసారి తిప్పింది. ఇంజనుని పట్టాల మీద పెట్టి వదిలాను. అది గరగరమంటూ బయల్దేరి, సగం చుట్టు తిరిగి, నీరసంగా అమ్మ ఎదురుగా ఆగింది.

"వచ్చీసేడు," అంది అమ్మ.

వెనకటికి మా క్వార్టర్ గేటు దగ్గర నాన్న సైకిలు చప్పుడు వినిపిస్తే అచ్చం అలాగే అనేది. అని, పొయ్యి దగ్గరికి వెళ్ళేది. అమ్మ ఏడవలేదు. కీ కోసం మళ్ళీ చెయ్యి చాపింది.

మర్నాడు వ్యాయామాల అమ్మాయికి చూపిస్తే, బంతి తీసి సంచిలో పడేసుకుంది. అప్పట్నుంచి రోజూ ఆ రైలే. సగం చుట్టు ఒక చుట్టయింది, తర్వాత రెండయ్యాయి. వానాకాలం వచ్చేసరికి అమ్మ తన జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంటోంది. పప్పులో గరిటె తిప్పుతోంది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి బల్ల మీద పట్టాలు పరిచి ఉండేవి. "నాను సూత్తానని కాదు, సెయ్యికి మంచిది," అనేది నేనేమీ అడక్కుండానే.

ఆ వానల్లోనే స్ప్రింగు తెగింది. అమ్మ గట్టిగా తిప్పుతుంటే లోపల ఫట్‌మంది, కీ వదులుగా తిరిగిపోయింది. అమ్మ తన చేతికేసే చూసుకుంటూ ఉండిపోయింది.

"ఇరిసీసేనేటే?"

"నీ సేతికి బలమొచ్చిందమ్మా. అందుకే ఇరిగింది."

అది ఓదార్పు మాట కాదు, నిజంగానే అన్నాను. స్ప్రింగు పోయినందుకు నాకు బాధ లేకపోలేదు, ఆ రాత్రి తలుచుకుంటే మనసు చివుక్కుమంది కూడా. కానీ పొద్దున్నే అమ్మ తనంతట తను జడ వేసుకుంటుంటే చూశాను. గోల్ బజార్లో గడియారాలు బాగుచేసే ఆయన వేరే స్ప్రింగు వేశాడు. సంగతి విని కలకత్తా పెద్దాయన ఫోన్లో, "ఇంక దాన్ని అసలుదని ఎవరికీ చూపించలేరు," అన్నాడు. సరేనన్నాను.

మొన్న చలికాలంలో కబాడీ కొట్టుకి ఒక పాత రేకు రైలు వచ్చిందని కబురొచ్చింది. నేను చెప్పులేసుకుంటుంటే అమ్మ కూడా శాలువా కప్పుకుని గుమ్మంలోకొచ్చింది. "నానూ వత్తాను. నిన్ను మోసం సేసీగల్రు," అంది. కొట్టులో ఇనుప కుర్చీ మీద కూర్చుని, ఇంజను తిరగేసి, చక్రాలు వేలితో తిప్పి చూసింది. ఆ తర్వాత కొట్టాయనతో హిందీలో బేరం మొదలుపెట్టింది. ఒక్కొక్క మాట కూడదీసుకుని, మధ్యలో ఆగి, మళ్ళీ అందుకుని. ఆయన తొందరపెట్టలేదు. తన చేతిలో పని పక్కన పెట్టి, అమ్మ వాక్యం పూర్తయ్యేదాకా ఆగాడు. నేను మాట అందించబోతే అమ్మ నాకేసి చూసింది.

బేరం అమ్మ అన్న ధరకే తెగింది.