కిటికీ గట్టు మీద పసుపు

నా చిన్నప్పుడు మేము ఇస్నాపూర్‌లో ఒక పాత ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనికి వెళ్లేవాడు. ఆ ఇంటి కిటికీకి వేసిన ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. రెండేళ్ల మా తమ్ముడు గట్టు పట్టుకుని నిలబడి, ఆ పెచ్చుల్ని గోటితో గీకి నోట్లో వేసుకునేవాడు. తియ్యగా ఉండేవేమో, ఎంత వారించినా మానేవాడు కాదు. కొన్నాళ్లుగా వాడికి కడుపునొప్పి, అన్నం సయించేది కాదు. నానమ్మ రోజూ దిష్టి తీసేది.

పక్కింటి అక్క ఒక రంగుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. ఓ ఆదివారం చాయ్‌పత్తా అడగడానికి వచ్చి, తమ్ముడు పెచ్చులు నోట్లో వేసుకోవడం చూసింది. మా ఇంట్లో దంచిన పసుపే గుప్పెడు తెచ్చి గట్టు మీద చల్లింది. గంటసేపు ఎవ్వరూ తుడవకుండా, ఎప్పటిలాగే ఉండమని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఇల్లంతా పసుపే. తమ్ముడి మూతి, అమ్మ కొంగు, మంచినీళ్ల గ్లాసు, నా జడ. కిటికీ దగ్గరికే పోని నానమ్మ ముక్కు మీద కూడా. "అమ్మా, మళ్ల పెండ్లిబిడ్డవైనవ్" అన్నాడు నాన్న. నానమ్మ అద్దం చూసుకుని, నవ్వాపుకోలేక గడప మీదే కూలబడింది.

నవ్వులు సద్దుమణిగాక అక్క వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"ఇది పసుపు గాబట్టి కనవడ్డది వదినా. ఆ పాత రంగుల సీసం ఉంటది. దాని దుమ్ము గూడ గిట్లనే ఇల్లంత తిరుగుతది, కనవడదు. పిల్లల కడుపుల పడితే తెలివినే తింటది."

అమ్మ ముఖం పాలిపోయింది. "నా కండ్ల ముంగటనే తిన్నడు గదా" అంది.

"నువ్వేం జేస్తవ్, రంగు డబ్బా మీద ఎవ్వరు రాయలే. ఇగ జేసేది జేద్దాం."

హైదరాబాద్‌లో రక్తపరీక్ష చేయిస్తే సీసం ఉందనే తేలింది. మందుల సంగతి తర్వాత, ముందు ఇంట్లోంచి ఆ దుమ్ము పోవాలన్నాడు డాక్టరు. ఇంటి ఓనరును అక్కే ఒప్పించింది. పొడిగా గీకితే దుమ్ము లేస్తుందని, నీళ్లతో తడిపి తడిపి పెచ్చులు తీయించింది. ఇల్లంతా తడిబట్టతో తుడిపించాక కొత్త రంగు వేయించింది. ఆ రెండు రోజులూ పిల్లలం అక్కవాళ్లింట్లోనే ఉన్నాం. మాకది పండగే.

కొన్ని నెలలకు తమ్ముడు ఒకరోజు తనంతట తానే మారు అన్నం అడిగాడు. అమ్మ ఆ సంగతి గల్లీలో ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది.

పెద్దయ్యాక నేను అంగన్‌వాడీ టీచరునయ్యాను. బిడ్డ గురించి ఏ తల్లికైనా కష్టమైన మాట చెప్పాల్సి వస్తే, ఎదురుగా నిలబడి ఎప్పుడూ చెప్పలేదు. ముందు ఆమెను కాస్త నవ్వించి, పోయి పక్కన కూర్చునేదాన్ని. ఇప్పటికీ అంతే.