తలుపు మూసినా ఆరని లైటు

తొమ్మిదేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఇది. నేను నోరున్నదాన్నని అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటు మొత్తానికీ తెలుసు. ఈ ఒక్క మాటకే నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా హాల్లో గోడ అల్మారా ఉండేది. కింది అరలో దేవుడి పటాలు, పై అరలో నా పట్టుచీరలు. పై తలుపు తీస్తే లోపల బల్బు వెలిగేది. మూస్తే ఆ తలుపే ఒక బటన్‌ను నొక్కి ఆర్పేసేది. ఆ బటన్ అరిగిపోయి, తలుపు మూసినా లైటు ఆరేది కాదు. కొత్తది వేసేదాకా బల్బు తీసేయమనీ, అది వేడెక్కే పాతరకం బల్బు కాబట్టి బట్టలు దగ్గరికి రానివ్వొద్దనీ పంజాగుట్ట నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ స్పష్టంగానే చెప్పాడు. సరే సరే అన్నాను. చేసిందేమిటి? తలుపు లోపలివైపు ఒక అట్టముక్క అంటించాను. తలుపు మూస్తే అది బటన్‌ను గట్టిగా నొక్కేది, లైటు ఆరేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పైగా బల్బుకు తగిలేదాకా చీరలు కుక్కాను.

ఓ ఆదివారం సాయంత్రం అత్తమ్మ దీపం పెట్టాక అందరం బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లాం. వెళ్లేముందు నేనే చీర తీసుకుని, హడావిడిగా అల్మారా పై తలుపు వేశాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ. మా ఆయన మెయిన్ ఆపి, బకెట్లతో నీళ్లు కొట్టి ఆర్పాడు. అట్టముక్క అల్మారా ముందు నేలమీద ఊడిపడి ఉంది. అంటే మేం గుడిలో ఉన్నంతసేపూ మూసిన తలుపు వెనక బల్బు వెలుగుతూనే ఉంది.

"గా దీపంతోనే అంటుకున్నది! దీపం పెట్టి బయటికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పిన్నే అమ్మా!" అని మా ఆయన అరిచాడు.

నేను అట్టముక్కను పిడికిట్లో నలిపేశాను. కింది అరలో దీపం పక్కనే ఉన్న కర్పూరం పొట్లం కూడా కాలలేదు. ఎవరూ అటు చూడలేదు. నేను చూశాను.

ఎందుకు చెప్పలేదు? భయమా? ఆ నిమిషం భయమే. మరి రెండో రోజు? రెండో ఏడు? అంతకుముందు ప్రతిదానికీ నన్ను తప్పుపట్టిన అత్తమ్మ, ఆ రోజు నుంచి నా ముందు తలవంచుకుని తిరుగుతుంటే, నాకు లోలోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. ఛీ. అదీ రాయాలి.

అత్తమ్మ మళ్లీ దీపం ముట్టించలేదు. రోజూ నేను పెడుతుంటే దూరంగా నిలబడి దండం పెట్టుకుంటుంది. నిన్న ఉండబట్టలేక అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాను.

"అత్తమ్మా, ఇయ్యాల మీరు పెట్టుండ్రి."

"వద్దు బిడ్డా, ఇల్లు కాలవెట్టిన చెయ్యి ఇది. నువ్వు మంచిదానివి. ఒక్కనాడు సుత నన్ను ఎత్తిపొడవలే."

అప్పుడైనా చెప్పొచ్చు కదా! చెప్పలేదు. అగ్గిపుల్ల నేనే గీశాను.

కాల్చింది నేను. ఆమె కాదు. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. కానీ ఈ మాట వినాల్సిన మనిషి పక్కగదిలోనే ఉంది, నన్ను మంచిదాన్ననుకుంటూ.