నూతి గట్టున రొయ్యపొట్టు డ్రమ్ము

మా బావగారు కొడవలి పట్టుకుని షెడ్డులోకి దూసుకొచ్చి, రంగు తొట్లన్నీ తన్నేసి, మా ఆయన పీక పట్టుకున్న రోజున నాకు భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది. మేం కొబ్బరిపీచు తాళ్లకు రంగులద్దుతాం. ఆ ఎర్రనీళ్లు ఇంకి, పక్క పెరట్లో బావగారి నూతిలోకి దిగాయి. తప్పు మాదే, కాదనను. అందుకని సొంత తమ్ముడి మీదికి కొడవలి ఎత్తుతారా?

"కార్తీకం లోపల నా నుయ్యి తేటపడకపోతే షెడ్డు తగలెట్టేస్తాను," అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి.

మాకు తిండి పెట్టేది ఆ షెడ్డే. రంగునీళ్లు వేరేవైపు మళ్లించాం గానీ నూతిలో ఎరుపు పోలేదు. నేను చదివిన కెమిస్ట్రీ అప్పుడు అక్కరకొచ్చింది. రొయ్యల పొట్టుని యాసిడ్‌లో నానబెట్టి, కాస్టిక్ సోడాలో ఉడికించి, కడిగి ఎండబెడితే కైటోసాన్ అనే తెల్లటి రేకులు వస్తాయి. రంగు వాటికి అంటుకుపోతుంది. డ్రమ్ము నిండా అవి పోసి వాళ్ల నూతి గట్టున పెట్టాను. పైన ఎర్రగా పోసిన నీళ్లు కింద తేటగా దిగాయి. నా తోటికోడలు నన్ను కావలించుకుంది. లోపలేముందో అన్నయ్యకి తనే చెప్తానన్నారు మా ఆయన. తీరా కార్తీకం వచ్చేసరికి మహానుభావుడికి నోరు పెగల్లేదు. ఆ నీళ్లతోనే బావగారు రోజూ శివుడికి అభిషేకం చేశారు.

ఓ సోమవారం పొద్దున్న రొయ్యలమ్మే ఆవిడ వాళ్ల గుమ్మంలో నిలబడి, "డ్రమ్ములోకి పొట్టు తెచ్చేనండీ!" అని కేకేసింది. కొంప మునిగింది.

"నీసునీళ్లు శివుడి నెత్తిన పోయించేరట్రా!" అంటూ బావగారు పలుగుతో ముందు డ్రమ్ము పగలగొట్టారు, తర్వాత మా ఆయన చెయ్యి. ఎముక విరిగిన చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. షెడ్డుకి నిప్పు పెట్టబోతే తోటికోడలు అడ్డంపడి, "ముందు నన్ను తగలెట్టండి," అంది. దాంతో అగ్గిపెట్టె విసిరికొట్టి వెళ్లిపోయారు.

మర్నాడు బావగారు నూతిలో చెంబు ముంచితే మళ్లీ ఎర్రనీళ్లే. ఆ నీళ్లు శివుడి మీద పొయ్యలేక, చెంబు నూతి గట్టునే బోర్లించేశారట.

కార్తీకం వెళ్లిన మర్నాడు బావగారు బకెట్ నిండా రొయ్యపొట్టుతో మా గుమ్మంలోకి వచ్చారు. "మళ్లీ చెయ్యమ్మా," అన్నారు నేలచూపులు చూస్తూ. చేతికి కట్టుతోనే మా ఆయన, సిగ్గులేని మనిషి, "కూర్చో అన్నయ్యా," అన్నారు.

బావగారి ఎదుట నేను ఏనాడూ కుర్చీలో కూడా కూర్చోలేదు. ఆ బకెట్ లాక్కుని ఆయన మొహాన కొట్టాను. నుదురు చిట్లింది. రక్తమూ రొయ్యతోకలూ కలిసి మీసాల మీదికి జారాయి.

ఆయన తుడుచుకోలేదు. కింద పడ్డ పొట్టుని దోసిళ్లతో ఎత్తి బకెట్లో వేస్తూ, "ఆయ్, ఇంకోటి కొట్టమ్మా. కొట్టి, పొయ్యి వెలిగించు," అన్నారు.