సువార్తమ్మత్త తలుపు మీది జాబితా

ఏ పని ఎవరికి చేతకాదో ఆ పని సరిగ్గా వాళ్ళకే అప్పగించడం మా సువార్తమ్మత్తకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు నవ్వే వస్తుంది.

మా నాన్నకు, బుల్లయ్య బాబాయికి ఆవిడ అక్క. చిలకలూరిపేట దగ్గర మిషను బడిలో రెండో తరగతికి పాఠాలు చెప్పుకుంటూ ఒక్కతే ఉండేది. క్రిస్మసుకు మాత్రం ముప్పై నలుగురం ఆ రెండు గదుల పెంకుటింట్లో దిగేవాళ్ళం. విందుకు ఎవరు ఏ పని చెయ్యాలో డిసెంబరు మొదటి ఆదివారానికల్లా వీధి తలుపు మీద సుద్దముక్కతో రాసి పెట్టేది. దారినపోయేవాళ్ళు కూడా ఆగి చదువుకుని, నవ్వుకుంటూ వెళ్ళేవారు.

ఒక ఏడు బియ్యంలో రాళ్ళు ఏరే పని చలమయ్య తాతకు పడింది. ఎదురుగా నిలబడ్డది మనిషో గేదో తెలియని చూపు ఆయనది.

"అత్తా, తాతకు కళ్ళు కనపడవు గదా," అన్నాను.

"వేళ్ళున్నాయి గదే."

ఆ మధ్యాహ్నం అందరం అన్నం చాలా శ్రద్ధగా నమిలాం. విందు మూడు గంటలు సాగింది. "బియ్యం ఎలా ఉన్నాయర్రా?" అని తాత పంక్తంతా అడుగుతూ తిరిగాడు.

"గట్టి రకం తాతా," అన్నాం.

ఇంకో ఏడు కొత్తకోడలు పేరమ్మ వదిన వంతు. కాపురానికొచ్చి నాలుగు నెలలైనా 'ఊఁ' తప్ప ఇంకో మాట ఎరగని మనిషి. ఇల్లిల్లూ తిరిగి గిన్నెలూ గరిటెలూ అడిగి తెచ్చే పని ఆవిడకు రాసింది అత్త. పొద్దున వెళ్ళిన వదిన, ఒక్క ఖాదర్‌బీ ఇంట్లోనే గంటన్నర కూర్చుని, సాయంత్రానికి గంపెడు గిన్నెలతో, రెండు గంపల కబుర్లతో తిరిగొచ్చింది. వారం తిరక్కుండా మా అన్నయ్య వచ్చి మొరపెట్టుకున్నాడు. "ఎంత పని చేశావత్తా. నాకిప్పుడు నిద్ర లేదు."

అత్త మంచిదే గానీ బుర్ర తక్కువని అందరం తేల్చేశాం. నాకు మాత్రం ఎక్కడో అనుమానం. ఒకసారి అడిగేశాను.

"నిజంగా తెలీకే రాస్తావా అత్తా?"

"రెండో తరగతి చెప్పుకునేదాన్ని, నాకేం తెలుసే," అని సుద్దముక్క వెతుక్కోవడానికి లేచిపోయింది.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది నాటికి నాన్నకూ బాబాయికీ మాటల్లేక రెండేళ్ళు. మా ఎడ్లు బాబాయి జొన్నచేలో పడి మేశాయి, అంతే. ఆ పండక్కి వస్తూనే బాబాయి చెప్పేశాడు. "ఇదే ఆఖరక్కా. వచ్చే ఏటి నించి మా పండగ ఒంగోలులో, మా అత్తగారింట్లో."

"సరేరా," అంది అత్త. అంతకు మూడు వారాల ముందే తలుపు మీద రాసి ఉంది: గంజి వార్చేది బుల్లయ్య, వాళ్ళన్న.

ఎనిమిది శేర్ల బియ్యం ఉడికే గుండిగ అది. మూతికి గుడ్డ కట్టి, కడియాల్లో కర్ర దూర్చి, ఇద్దరూ ఒక్కసారే ఎత్తి ఒక్కసారే వంచాలి. ఒకరు ముందు వంచితే మరిగే గంజి రెండోవారి కాళ్ళ మీదే. ఏటా ఆ పని చేసే మా అన్నయ్యలిద్దరినీ అత్త కొబ్బరి కోరడానికి కూర్చోబెట్టింది.

గుడి నుంచి రాగానే అత్త ఒక మెతుకు నలిపి చూసి, "దించండర్రా, ఇంకాసేపుంటే ముద్దే," అంది. ఇద్దరూ చెరో పక్క నిలబడి చెరో దిక్కు చూస్తున్నారు.

"అమ్మాయ్, మీ బాబాయిని కర్ర పట్టుకోమను," అన్నాడు నాన్న.

"పట్టుకునే ఉన్నానని మీ నాన్నకు చెప్పు," అన్నాడు బాబాయి.

నేను నోరు తెరవబోతుంటే అత్త నా భుజం పట్టి తిప్పింది. "తాత పిలుస్తున్నాడు, లోపలికి పో." తాత ఇంకా గుడి నుంచి రానే లేదు. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగాను.

గుండిగ లేచింది. లేస్తూనే ఒక పక్కకు ఒరిగింది.

"ఒరేయ్, కాళ్ళురా," అన్నాడు నాన్న.

"చెప్పకుండా వంచితే నేనేం చెయ్యను?"

"నువ్వు చెప్పావా?"

"పెద్దోడివి, నువ్వు చెబితే గదా."

"సరే, మూడు అనగానే వంచు."

గంజి ధారగా గుంటలోకి దిగింది. అన్నం కాస్త మెత్తబడింది గానీ దక్కింది. ఇద్దరూ అక్కడే కింద కూలబడి కండువాలతో చెమట తుడుచుకున్నారు.

"ఎవరికేం పని చెప్పాలో ఈవిడకు ఈ వయసులోనైనా తెలీదేం?" అన్నాడు బాబాయి.

"చిన్నప్పట్నించీ అంతేరా. గొంతు లేనోణ్ణి, నా చేత గుళ్ళో పాట పాడించింది."

"నన్ను బర్రె దగ్గరికి పంపింది, పాలు పితకమని. తన్నింది."

"అక్కా?"

"బర్రె."

విస్తళ్ళు పక్కపక్కనే వేసుకుని విందంతా అత్తను తిట్టుకుంటూనే తిన్నారు. అత్త ఏమీ విననట్టు ఇద్దరికీ మాంసం కూర మారు వడ్డించింది.

"వచ్చే ఏడన్నా కాస్త ఆలోచించి రాయక్కా," అన్నాడు బాబాయి చెయ్యి కడుక్కుంటూ.

"అట్నేలేరా," అంది అత్త.